పదో గడిలో ఉన్నదెవరు?

(భిలాయి సెక్టర్ 4లో అంబేడ్కర్ జయంతి సందర్భంగా విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి, "మేడమ్, మనుషుల ప్రవర్తన మీద ఏదైనా చెప్పండి, పరిశోధన చేసే పిల్లలు వస్తున్నారు" అన్నారు. ఆ సంగతి మాట్లాడటానికి నాకు సెక్టర్ 4 కంటే మంచి చోటు దొరకదు. నేను పెరిగింది ఇక్కడే. మా నాన్న స్టీల్ ప్లాంటులో, కోక్ ఓవెన్స్‌లో పనిచేశారు. అప్పటి శ్రీకాకుళం జిల్లా పాలకొండ వైపు పల్లె మాది. విజయనగరంలో రైలెక్కి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా ఇక్కడికొచ్చిన వేలమంది తెలుగువాళ్ళలో ఆయనొకరు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయమే. తరగతిలో ఒక పిల్ల మాట్లాడటం లేదంటే, "ఈ పిల్లది బిడియం" అని రాసే ముందు ఆ గది గురించి రాయండి. ఆ గదిలో మీరు ఎక్కడ కూర్చుని చూస్తున్నారో అది కూడా రాయండి. ఎందుకంటున్నానో చెప్పడానికి రెండు తరగతి గదుల్లోకి, ఒక ఇంట్లోకి, కొన్ని సంఘాల్లోకి మిమ్మల్ని తీసుకెళ్తాను.

ముందు బీఎడ్ తరగతి. మీలో బీఎడ్ చేసినవాళ్ళకు ఫ్లాండర్స్ పేరు తెలిసే ఉంటుంది. నెడ్ ఫ్లాండర్స్ అనే అమెరికన్ 1960లలో తరగతి గదిలో జరిగే మాటల్ని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. పది గడులు. మొదటి ఏడూ టీచరు మాటలకి: మెచ్చుకోవడం, ప్రశ్న అడగడం, పాఠం చెప్పడం, ఆజ్ఞాపించడం, మందలించడం, ఇలా. ఎనిమిది, తొమ్మిది విద్యార్థి మాటలకి: అడిగితే జవాబివ్వడం, తానుగా మాట్లాడటం. పదోది మౌనం లేదా గందరగోళం. పరిశీలకుడు వెనక బెంచీలో కూర్చుని మూడు సెకన్లకోసారి ఒక అంకె వెయ్యాలి. నలభై నిమిషాల పీరియడ్‌కి ఎనిమిది వందల అంకెలు.

హైదరాబాద్‌లో బీఎడ్ చేస్తున్నప్పుడు నేనూ అలా వెనక కూర్చుని వేశాను. ఒకరోజు టీచరు మూడో బెంచీలో అమ్మాయిని లేపి ప్రశ్న అడిగారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. పెదవి కదిపింది గానీ మాట రాలేదు. పన్నెండు సెకన్లు. నేను నాలుగు పదులు వేశాను. టీచరు "కూర్చో" అని పక్క అబ్బాయిని అడిగారు. మా పర్యవేక్షకులు నా కాగితం చూసి లెక్క సరిగ్గా ఉందన్నారు. లెక్క సరిగ్గానే ఉంది. ఆ పన్నెండు సెకన్లలో ఆ పిల్లకు జవాబు తెలియలేదా, తెలిసీ నోరు పెగల్లేదా, గదిలో ఎవరైనా ఆమెను చూసి నవ్వారా అన్నది ఆ అంకెలో లేదు. పీరియడ్ మిగతా ముప్పై తొమ్మిది నిమిషాలూ ఆమె మౌనంగానే ఉంది. అదైతే నా కాగితంలోకి రానేలేదు. ఆ సమయమంతా ఇంకెవరో మాట్లాడుతున్నారు కాబట్టి ఆ మాటల అంకెలే పడ్డాయి.

ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టలేదు. ఆ పదో గడిలో నేను కూడా ఉండి వచ్చాను మరి.

ఇప్పుడు భిలాయి. సోవియట్ సాయంతో ఈ ప్లాంటు పెట్టడానికి ఒప్పందం 1955లో జరిగింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల మనుషులు వచ్చి ఒకే చోట పనిచేస్తే పాత తేడాలు కరిగిపోతాయని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది, కాదనను. ఇక్కడ క్వార్టర్ ఇచ్చేది ఉద్యోగం గ్రేడును బట్టి. మా పల్లెలో పేట విడిగా ఉండేది. ఇక్కడ మా గోడకు ఆనుకుని ఒక పెద్దకులం కుటుంబం గోడ ఉండేది. మా నాన్న షిఫ్టులో అందరితో కలిసి టిఫిన్ డబ్బా తెరిచేవారు. ఆ సంగతి ఆయన చివరి వరకూ గర్వంగా చెప్పుకున్నారు.

నేను చదివిన బడి పేరు చెప్పను. హిందీ మీడియం. అక్కడ నేను బాగా మాట్లాడేదాన్ని. టీచర్లకు తెలుగు ఇంటిపేర్లు పలకడమే రాదు, వాటిలో కులం వెతకడం ఇంకేం వస్తుంది! వాళ్ళకు మేమందరం ఆంధ్రావాళ్ళం. కొందరికైతే మద్రాసీలం. ఎగతాళి ఉండేది గానీ అది అందరు తెలుగు పిల్లలకీ సమానంగా ఉండేది. చెయ్యెత్తేదాన్ని, పద్యం అప్పజెప్పేదాన్ని, తరగతి మానిటర్‌గా కూడా చేశాను.

ఆదివారం తెలుగు నేర్పడానికి మనవాళ్ళే ఒక తరగతి నడిపేవారు. మా అమ్మ ఎంతో ముచ్చటపడి పంపింది. మొదటి రోజు మాస్టారు పేరు అడిగారు, చెప్పాను. ఇంటిపేరు అడిగారు, చెప్పాను. ఊరు అడిగారు, చెప్పాను. "ఊళ్ళో ఏ వీధమ్మా?" అన్నారు. మామూలు మాటే, మెత్తగానే అడిగారు. మా పక్క నుంచి వచ్చినవాళ్ళకు ఆ ప్రశ్న దేనికో తెలుసు. నాకు తొమ్మిదేళ్ళు, నాకూ తెలుసు. నేను నేలచూపులు చూశాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆ తరగతికి వెళ్ళాను. నా అంతట నేను ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. "పిల్ల మంచిదే, బొత్తిగా నోరు లేదు" అని మాస్టారు మా నాన్నతో అన్నారట.

ఒకే పిల్ల. ఒకే వారం. శనివారం దాకా మానిటర్, ఆదివారం నోరులేనిది. ఇక్కడ ప్రవర్తన ఎవరిది? పిల్లదా, గదిదా?

ఆగండి, హిందీ గదిని మరీ మెచ్చుకోకండి. ఆ గదిలో నా ఇంటిపేరు ఎవరికీ అర్థం కాలేదు గానీ ఇంకొకరి ఇంటిపేరు అందరికీ అర్థమయ్యేది. చివరి బెంచీలో ఒక సత్నామీ అబ్బాయి ఉండేవాడు. గురు ఘాసీదాస్ బాట పట్టిన ఈ నేల మనుషులు సత్నామీలు. ఈ ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఆ అబ్బాయి ఛత్తీస్‌గఢీ యాసలో పాఠం చదివితే తరగతి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వేవాళ్ళ వైపు ఉంటే నా మీదికి చూపు రాదని పదేళ్ళ పిల్లకు ఎవరు నేర్పారో తెలియదు. బాబాసాహెబ్ అంచెలంచెల అసమానత అన్నదాన్ని నేను పుస్తకంలో చదవడానికి చాలా ముందే ఆచరించాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఏడో తరగతిలో ఒకరోజు గుమస్తా స్కాలర్‌షిప్ ఫారాల కట్టతో తరగతికి వచ్చాడు. "ఎస్సీ, ఎస్టీ వాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. మా నాన్న అంతకు ముందు రోజే ఆంధ్రా నుంచి తెచ్చిన కుల ధృవపత్రం నా సంచీలో పెట్టి, అడిగితే ఇవ్వమన్నారు. చివరి బెంచీ అబ్బాయి లేచాడు. ఇంకో ఇద్దరు లేచారు. నేను లేవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. లేచాను. తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. గుమస్తా నా కాగితం చూసి, "ఇది ఆంధ్రాది, ఇక్కడ చెల్లదు, కూర్చో" అన్నాడు.

ఫారం రాలేదు. కులం మాత్రం బయటపడింది.

ఇంటర్వల్లో ఆ అబ్బాయి నా దగ్గరకొచ్చి ఒకే మాట అడిగాడు. "తహూఁ?" అన్నాడు. నువ్వూనా అని. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, ఆశ్చర్యమే ఉంది. నేను జవాబు చెప్పలేదు. ఆ ఏడాది మానిటర్‌గా నన్ను మళ్ళీ ఎన్నుకోలేదు, నేనూ చెయ్యెత్తడం మానేశాను. ప్రోగ్రెస్ కార్డులో "చురుకుదనం తగ్గింది" అని రాశారు.

ఆ గుమస్తా చెడ్డవాడు కాదు. నిబంధన చెప్పాడంతే. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది కూడా అదే: ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా ఉన్నవాళ్ళు మరో రాష్ట్రానికి వలసవెళ్తే అక్కడ ఆ ప్రయోజనాలు అడగలేరు. ఆ కేసు వేసింది కూడా మనలాంటి కుర్రాడే. తెనాలిలో పుట్టి, ప్రభుత్వరంగ ఎరువుల కంపెనీలో తండ్రి ఉద్యోగం వల్ల మహారాష్ట్ర చేరి, అక్కడ మెడికల్ సీటు అడిగాడు. వెనకబాటు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుందన్నది కోర్టు తర్కం. చట్టం తెలిసినవాళ్ళు దాన్ని సమర్థిస్తారు, విమర్శిస్తారు. నేను చూసింది వేరే. హక్కు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోయింది. "ఏ వీధమ్మా" అన్న ప్రశ్న మాత్రం మాతోపాటే రైలెక్కి వచ్చింది.

నా కథ ఒక్కటే అయితే దాన్ని శాస్త్రం అనను. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలతో ఒక ప్రయోగం చేశారు. 321 మంది పైకులాలవాళ్ళు, 321 మంది కిందికి నెట్టిన కులాలవాళ్ళు. అందరికీ కాగితం మీద దారి వెతికే చిక్కుముళ్ళు ఇచ్చారు. కులం ఊసు ఎత్తనప్పుడు ఇరువైపుల పిల్లలూ సమానంగా విప్పారు. పిల్లల పేరు, తండ్రి పేరు, కులం పైకి చదివిన గుంపుల్లో మాత్రం కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. చిక్కుముడి మారలేదు. గదిలో ఒక మాట పలికారు, అంతే. 2006లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో దీని మీద వ్యాసం వచ్చింది. నేను దాన్ని చదివినప్పుడు ఫారాల కట్టతో గుమస్తా మళ్ళీ గుమ్మంలో నిలబడినట్టనిపించింది.

ఇప్పుడు ఇల్లు. కుటుంబం మీద పరిశోధన అనగానే మనవాళ్ళు తల్లి ఎంత ముద్దు చేసింది, తండ్రి ఎంత దండించాడు అని ప్రశ్నావళి పట్టుకెళ్తారు. మా ఇంట్లో వాళ్ళకు ఏం దొరికేదో చెప్తాను. మా అమ్మ నన్ను ఎప్పుడూ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. "అతిగా నియంత్రించే తల్లి" అని మార్కు పడేది. అమ్మ ఎందుకలా ఉండేది? సంక్రాంతికి పక్కింటికి అరిసెలు పంపేది. ఆవిడ నవ్వుతూ తీసుకునేది. మర్నాడు అవే అరిసెలు వాళ్ళ పనిమనిషి కొంగులో మూటగట్టి ఉండగా నేను చూశాను, అమ్మా చూసింది. మరుసటి ఏడాది మళ్ళీ పంపింది. ఎందుకమ్మా అంటే, "పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు" అంది. నాన్న టిఫిన్ డబ్బా ప్లాంటులో అందరి మధ్యా తెరుచుకుంది. అమ్మ పళ్ళెం గోడ దాటి వెళ్ళి పనిమనిషి కొంగులో తేలింది. ఈ రెండూ ఒకే కుటుంబం అనుభవాలు. నాన్నను మాత్రమే అడిగి రాస్తే భిలాయిలో కులం పోయిందని రాస్తారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన జొనాథన్ పారీ 1993 నుంచి భిలాయిలో ఏళ్ళ తరబడి ఉండి ఇక్కడి కార్మికుల జీవితం మీద పెద్ద పుస్తకం రాశారు, 2020లో వచ్చింది. తప్పక చదవండి. పర్మనెంటు ఉద్యోగానికీ కాంట్రాక్టు కూలికీ మధ్య గీత ఎంత లోతుగా పడిందో అందులో ఉంది. నేనడిగేది దానికి తోడుగా మరో పుస్తకం. గోడకు ఇవతల అమ్మల వైపు నుంచి. అది మీలో ఎవరో రాయాలి.

చూసేవాళ్ళు ఎక్కడ కూర్చున్నారన్నది అందుకే ముఖ్యం. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో రాంపుర వెళ్ళినప్పుడు ఆయనకు బస దొరికింది గ్రామపెద్ద నీడలో. 1976లో వచ్చిన ఆయన పుస్తకం గొప్పదే. కానీ అరుగు మీద నుంచి కనిపించే ఊరు వేరు, పేట నుంచి కనిపించే ఊరు వేరు.

పేట నుంచి చూసినవాడు ఒకడున్నాడు. 1930లలో బాబాసాహెబ్ రాసుకున్న ఆత్మకథా శకలాల్లో ఆయన బడి గురించిన భాగం తీసి, ఈసారి కన్నీళ్ళతో కాకుండా పరిశోధకుల్లా చదవండి. ఎక్కడ కూర్చున్నాడు: విడిగా, గోనెపట్టా మీద. ఆ పట్టా ఎవరు ముట్టుకోరు: బడి ఊడ్చే పనివాడు. కాబట్టి ఎవరు మోసుకెళ్ళాలి: పిల్లవాడే, రోజూ ఇంటికీ బడికీ. దాహమైతే ఏం జరగాలి: టీచరు అనుమతి, ప్యూను వచ్చి కుళాయి తిప్పడం. ప్యూను రాకపోతే నీళ్ళు లేవు. చూశారా, ఇందులో పిల్లవాడి స్వభావం గురించి ఒక్క మాట లేదు. సీటు, వస్తువు, చెయ్యి, నీళ్ళు, వరస. తరగతి గది పరిశీలనకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో చదివిన పత్రంలోనూ ఆయన చేసింది ఇదే. కులాన్ని ఒక్కొక్కరి మనసులోని దురభిప్రాయంగా కాకుండా గుంపు తన చుట్టూ కట్టుకునే కంచెగా చూపించాడు. ఆ కంచె పేరు సొంత కులంలోనే పెళ్ళి.

ఇక సంఘాలు, గుంపులు. ఇక్కడ మనం మనల్నీ చూసుకోవాలి. రెమా హన్నా, లీ లిండెన్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల జవాబుపత్రాలకు కులం, వయసు వంటి వివరాలు యాదృచ్ఛికంగా అంటించి టీచర్లతో దిద్దించారు. కింది కులం అని ఉన్న పత్రాలకు మార్కులు కొద్దిగా తగ్గాయి. ఇబ్బంది పెట్టే సంగతేంటంటే, అలా తగ్గించినవాళ్ళలో ముఖ్యులు కింది కులాల టీచర్లే. దీన్ని మనమీద వాడుకునేవాళ్ళుంటారని దాచిపెట్టనక్కర్లేదు. చివరి బెంచీ అబ్బాయిని చూసి నవ్విన పిల్లను ఇందాకే మీకు చూపించాను కదా, ఆ టీచర్లు నాకు కొత్తవాళ్ళు కాదు.

మన స్టడీ సర్కిళ్ళలో ఒక గంట కూర్చుని లెక్క రాయండి. ఎవరు మాట్లాడారు, ఎవరి మాట మధ్యలో తెగింది, టీ ఎవరు తెచ్చారు, కుర్చీలు ఎవరు సర్దారు, మినిట్స్ ఎవరు రాశారు. చాలా చోట్ల చివరి మూడు పనులూ అమ్మాయిలవి. మాల, మాదిగ, రెల్లి పిల్లలు కలిసి కూర్చున్న చోట ఎవరి సామెతకు ఎవరు నవ్వారో అదీ రాయండి.

ఈ ఊరి పిల్లలు ఐఐటీలకు వెళ్తారు, పేరు తెస్తారు. అక్కడ మొదటి వారమే మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు: "ర్యాంకెంత?" అడిగేవాళ్ళలో చాలామందికి అది మామూలు ప్రశ్నే. నన్నడిగితే "ఏ వీధమ్మా" అన్న ప్రశ్నే ఇంజనీరింగ్ చదివి వచ్చింది. ఆ ప్రశ్న తర్వాత ఎవరైనా గదిలో నోరు మూసుకుంటే కౌన్సెలర్ దగ్గరకు పంపుతారు. కౌన్సెలింగ్ అవసరమే, నేను వద్దనను. ఐతే పిల్లను పంపారు, గదిని ఎక్కడికి పంపారు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురు విద్యార్థులు తాము నిద్రపోయిన చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. తమకేం జరుగుతోందో వాళ్ళకు స్పష్టంగా తెలుసు, పేరు పెట్టగలిగేంత స్పష్టంగా. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాక కూడా చర్చ అతని మనఃస్థితి మీదికి, అతని కులం కాగితం మీదికి మళ్ళింది. ఆ కాగితం చర్చ చూస్తున్నప్పుడు మా నాన్న నా సంచీలో పెట్టిన ధృవపత్రం గుర్తుకొచ్చింది.

పరిశోధన చేయబోయే పిల్లలకు కొన్ని పనిమాటలు చెప్పి ముగిస్తాను.

ఫ్లాండర్స్‌ను పారెయ్యకండి. అంకెలు వేసే క్రమశిక్షణ మంచిది. ఆ కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టుకోండి. సీట్ల పటం గీయండి, వారం వారం అది ఎలా మారిందో చూడండి. నీళ్ళు, తిండి ఎవరితో ఎవరు పంచుకున్నారో రాయండి. తుడవడం, మోయడం, తేవడం లాంటి పనులు ఎవరికి చెప్పారో రాయండి. ఎవరి పేరు టీచరు సరిగ్గా పలికారో, ఎవరిని "ఏయ్" అని పిలిచారో రాయండి. ఒకే పిల్లను కనీసం రెండు గదుల్లో చూడండి. అప్పటిదాకా ఆమె స్వభావం గురించి ఒక్క విశేషణం కూడా రాయకండి. మొదటి పేజీలో మీ సీటు ఎక్కడో, మీరెవరో, మిమ్మల్ని ఆ బడికి ఎవరు పరిచయం చేశారో రాయండి.

ఒక చిక్కు ఉంది. కులం తెలియకుండా కులాన్ని పరిశోధించలేం. తెలుసుకోవడానికి పైకి అడిగితే ఆ అడగడమే గాయం చేస్తుంది. కాబట్టి తరగతిలో ఎప్పుడూ అడగకండి. పిల్లలతో వేళ్ళెత్తించకండి. ఇంటికి వెళ్ళి, పెద్దల అనుమతితో, విడిగా, వాళ్ళు చెప్పదలచుకున్నంతే వినండి. మీ నోటుపుస్తకం అందరి చేతుల్లో పడేలా ఉంచకండి. మీ థీసిస్ కంటే ఆ పిల్ల రేపటి రోజు ముఖ్యం.

ఇక్కడున్న అధ్యాపకులకు ఒక్క విన్నపం. స్కాలర్‌షిప్ ఫారాలు తరగతిలో పేర్లు చదివి ఇవ్వడం ఇప్పటికీ చాలా బడుల్లో ఉంది. దీన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులక్కర్లేదు. ఒక కవరు, ఒక విడి గది చాలు. వచ్చే జూన్‌లో మీ బడిలో ఇది ఎలా జరుగుతుందో వెళ్ళి చూడండి. చూసి, మార్చండి.

చివరి బెంచీ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. అతని ప్రశ్నకు ఆ రోజు నేను జవాబివ్వలేదు. బిడియంతో కాదు. ఔనంటే అతని పక్కన నిలబడాలి, అందుకు అప్పుడు నాకు ధైర్యం లేదు. ఆ మౌనాన్ని ఎవరైనా ఆ రోజు పదో గడిలో వేసి ఉంటే నా గురించి వాళ్ళకు ఏమీ తెలిసేది కాదు, ఈ ఊరి గురించి అసలే తెలిసేది కాదు.

మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో కూర్చున్నవాళ్ళతో మొదలుపెడదాం.

జై భీమ్.